గుల్లల మడి

గుల్లకు కాళ్లు లేవనుకుంటాం గానీ, ఒకటుంది. రెండు చిప్పల సందులోంచి బయటికి వచ్చే మెత్తటి కండ అది. దాంతో గుల్ల నడిచేది తక్కువ, తవ్వేది ఎక్కువ. ఇసుకలోకి దిగడానికి, అల వచ్చి పైపొరను కోసుకుపోతే మళ్లీ కిందికి జారుకోవడానికి తప్ప ఆ కాలుకు వేరే పని ఉండదు. గుల్ల ఊళ్లు తిరిగేదంతా పుట్టిన కొత్తలోనే. కంటికి ఆనని పిల్లగా కొన్ని వారాలు నీటి వాలున తేలుతూ పోతుంది. ఆ తరవాత ఏదో ఒక చోట దిగుతుంది. ఇంక అక్కడే కాపురం. ఆ చోట ఉన్నది ఇసుకో బురదో, పోటు నీళ్లు ఎంతసేపు నిలుస్తాయో, ఎండ ఎంత కాస్తుందో, పక్కన ఎన్ని గుల్లలు కిక్కిరిసి ఉన్నాయో, వీటిలో ఏ ఒక్కటీ అది ఎంచుకున్నది కాదు. అయినా ఎంత పెరుగుతుందో, ఎన్నాళ్లు బతుకుతుందో తేల్చేవి ఇవే.

పోటుకు మునిగి పాటుకు తేలే నేల మీద ఈ లెక్క మరీ నిక్కచ్చిగా నడుస్తుంది. గుల్లకు తిండి నీళ్లలోనే దొరుకుతుంది. రెండు గొట్టాలు ఇసుక పైకి చాచి, ఒకదాంతో నీళ్లు లోపలికి పీల్చి, అందులోని సూక్ష్మమైన నాచు కణాలను మొప్పల మీద వడగట్టుకుని, రెండోదాంతో మిగిలిన నీళ్లను వదిలేస్తుంది. సముద్రం వెనక్కి పోయిందంటే ఆ పూటకు భోజనం అయిపోయినట్టే. చిప్పలు బిగించుకుని మళ్లీ పోటు వచ్చేదాకా ఊరుకోవాలి. పాటు వేళ అటువంటి నేల మీద నడుస్తుంటే అడుగుల అదురుకు అక్కడక్కడా సన్నటి నీటిచిమ్ము పైకి లేస్తుంది. కింద ఉన్న గుల్ల ఉలిక్కిపడి గొట్టాలు లోపలికి లాక్కుందన్నమాట.

అందుకే ఒడ్డు మీద ఎత్తు అంటే గుల్లకు భోజనపు వేళల లెక్క. కాస్త ఎగువన దిగిన గుల్ల రోజులో ఎక్కువ గంటలు బయట ఉంటుంది. తినేది తక్కువ, ఎండకు ఎండేదీ చలికి వణికేదీ ఎక్కువ. ఏళ్లు గడిచినా చిన్నగానే ఉండిపోతుంది. కాస్త దిగువన దిగినదానికి తిండికి లోటు లేదు. కానీ అక్కడ నక్షత్ర చేపలు, పీతలు కాచుకుని ఉంటాయి. ఒక జాతి నత్త అయితే చిప్పను వాటేసుకుని, తీరిగ్గా గుండ్రటి బెజ్జం వేసి లోపలి మాంసం తినేస్తుంది. తీరాన దొరికే ఖాళీ చిప్పల్లో కొన్నింటి మీద ఉండే ఆ నున్నటి రంధ్రం ఈ నత్త పనే. తిండికీ ప్రాణభయానికీ నడుమ, రెండూ సరితూగే ఒక పట్టీ ఉంటుంది. గుల్లలు బాగా ఎదిగేది అక్కడ. ఏటవాలు ఒడ్డు మీద ఆ పట్టీ చాలా ఇరుకు.

ఎత్తు ఒక్కటే అయితే కథ తేలికగా ఉండేది. నీరు వెచ్చబడితే గుల్ల చురుగ్గా తింటుంది, చిప్పకు కొత్త అంచు వేసుకుంటుంది. మరీ వేడెక్కితే తిన్నదంతా ప్రాణం నిలుపుకోవడానికే సరిపోతుంది. వాన వరదకు ఉప్పదనం ఒక్కసారిగా పడిపోతే చిప్పలు మూసుకుని పస్తుంటుంది. ఆ పస్తు రోజుల తరబడి సాగితే చచ్చిపోతుంది. సన్నటి మట్టి ఎక్కువగా కొట్టుకొస్తే మొప్పలు పూడుకుపోతాయి, తిండిని మట్టి నుంచి వేరు చేయడానికే బలం ఖర్చవుతుంది. నీటి కదలిక బొత్తిగా లేని చోట తిండి తీసుకొచ్చే ప్రవాహమే ఉండదు. కదలిక మరీ ఎక్కువైన చోట పిల్ల గుల్లకు కాలు నిలవదు. అన్నీ బాగున్న చోట వేల పిల్లలు దిగి, ఉన్న తిండినే పంచుకుంటూ ఒకదాన్నొకటి ఎదగనివ్వవు.

ఈ సాధకబాధకాలన్నీ గుల్ల తన ఒంటి మీదే రాసుకుంటుంది. చిప్ప పెరిగేది అంచున. ఏటా కొత్త సున్నపు పొర అంచుకు చేరుతుంది. చల్లటి దేశాల్లో శీతాకాలం పెరుగుదల దాదాపు ఆగి, ఒక ముదురు గీత మిగులుతుంది. చిప్పను నిలువునా కోసి, నున్నగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే రెండు ముదురు గీతల మధ్య ఆటుపోట్ల లయలో పడిన సన్నటి గీతలు కనిపిస్తాయి. బాగా తిన్న ఏడు గీతల మధ్య జాగా వెడల్పు, కరువు ఏడు ఇరుకు. ముసలి గుల్ల అంచున గీతలు దగ్గర దగ్గరగా కుక్కుకుని ఉంటాయి, వయసు మీరాక పెరుగుదల మందగిస్తుంది కాబట్టి. తుపాను తాకిడికీ, గుడ్లు విడిచిన అలసటకూ కూడా గీత పడుతుంది. అందుకే ఏది చలికాలం గీతో ఏది కష్టకాలం గీతో విడదీసి చదవడానికి అలవాటుపడిన కన్ను కావాలి.

ఇంతవరకూ చెప్పుకున్నది గుల్ల అసహాయత. ఇందులో మనిషి చేయగలిగింది ఏముందన్న ప్రశ్నకు మంచి జవాబు ఒకటి కెనడా పడమటి తీరాన, బ్రిటిష్ కొలంబియా దీవుల్లో ఉంది. 1995లో జాన్ హార్పర్ అనే తీర భూస్వరూప శాస్త్రవేత్త పాటు వేళ బ్రౌటన్ దీవుల మీదుగా ఎగురుతూ తీర రేఖలను గమనిస్తున్నారు. చిన్న చిన్న అఖాతాల మూతుల దగ్గర, నీళ్లు అతి కిందికి దిగే హద్దు వెంట, వంపు తిరిగిన రాళ్ల వరసలు కనిపించాయి. ప్రకృతి అంత పొందికగా పేర్చదు. మరి ఎవరు పేర్చారు, ఎందుకు పేర్చారు? బయటివారికి అది చిక్కుముడిగానే ఉండిపోయింది. ఆ తీరపు ఆదివాసులకు మాత్రం అందులో వింతేమీ లేదు. క్వాక్వాకవాక్వ్ ప్రజల పెద్ద ఆడమ్ డిక్ లాంటి వారు చిన్ననాడు తాతల వెంట ఆ పని చేసినవారే. అవి గుల్లల కోసం కట్టిన గట్లని వాళ్లు చెప్పాక పరిశోధకుల చూపు మారింది.

ఆ గట్టు ఎలా పనిచేస్తుందో కాస్త దగ్గరికి వెళ్లి చూడాలి. ఒడ్డు మీద గుల్లలకు అడ్డుపడే బండలను, గుండ్రాళ్లను దొర్లించుకుంటూ తెచ్చి పాటు చిట్టచివరి హద్దు దగ్గర వరసగా పేరుస్తారు. దాంతో రెండు పనులు జరుగుతాయి. రాళ్లు తీసేసిన చోట గుల్ల దిగడానికి మెత్తటి నేల దొరుకుతుంది. గట్టు వెనక ఏటికేడాది ఇసుక, గులక, చిప్పల ముక్కలు చేరి ఏటవాలు ఒడ్డు మెల్లగా చదునవుతుంది. కొండవాలున గట్టు వేసి మడి చదును చేసుకునే రైతు చేసేది కూడా అచ్చం ఇదే. ఇందాక ఇరుకుగా ఉందని చెప్పుకున్న ఆ మంచి పట్టీ ఇప్పుడు మడి అంత వెడల్పవుతుంది. తిండికీ భద్రతకూ సరిపడే ఎత్తులో ఎన్నో రెట్లు ఎక్కువ నేల తయారవుతుంది.

గట్టు కట్టి ఊరుకున్నదీ లేదు. గుల్లలు తవ్వేటప్పుడు కర్రతో ఇసుకను తిరగేస్తారు, దాంతో కింది పొరకు గాలి, నీరు అందుతాయి. పెద్దవి ఏరుకుని పిల్లల్ని వదిలేస్తారు, దాంతో ఒత్తిడి తగ్గి మిగిలినవి ఎదుగుతాయి. తిన్నాక మిగిలిన చిప్పలు కొన్ని మళ్లీ మడిలోకే చేరతాయి. ఇది చెత్త పారబోయడం లాంటిది కాదు. నలిగిన చిప్పలు కలిసిన ఇసుకలో నీరు తేలిగ్గా ఇంకుతుంది, కొత్త పిల్లలు దిగడానికి ఆసరా దొరుకుతుంది, కుళ్లిన పదార్థం వల్ల బురదలో పుట్టే ఆమ్లగుణాన్ని ఆ సున్నం కొంత విరుస్తుంది. గోరంత కూడా లేని పిల్ల గుల్ల చిప్ప ఆమ్లానికి కరిగిపోయే ప్రమాదంలో ఉన్నప్పుడు ముసలి గుల్లల చిప్పలే దానికి రక్ష.

ఈ పద్ధతి నిజంగా ఫలితమిస్తుందా అని సందేహించేవారికి 2014లో అంకెలతో సమాధానం వచ్చింది. పరిశోధకురాలు ఎమీ గ్రోస్‌బెక్, ఆమె సహచరులు బ్రిటిష్ కొలంబియాలోని క్వాడ్రా దీవిలో గట్టు ఉన్న తీరాలనూ లేని తీరాలనూ పోల్చి చూశారు. గట్టు ఉన్న చోట బటర్ క్లామ్ అనే పెద్ద జాతి గుల్లలు నాలుగు రెట్లు, లిటిల్‌నెక్ అనే చిన్న జాతివి రెండు రెట్లకు పైగా ఉన్నాయి. గుల్లలు ఎక్కువ ఉన్న చోటే మనుషులు గట్టు కట్టి ఉండవచ్చు కదా అన్న ప్రశ్నకూ వాళ్ల దగ్గర జవాబుంది. పిల్ల లిటిల్‌నెక్‌లను రెండు రకాల తీరాల్లోనూ నాటి, కొంతకాలం తరవాత తవ్వి కొలిచారు. గట్టు వెనక నాటినవి 1.7 రెట్లు వేగంగా పెరిగాయి, చిన్న వాటిలో బతికి బట్టకట్టినవీ అక్కడే ఎక్కువ. జాతి అదే, సముద్రం అదే. మారింది నేల ఒక్కటే. ఆ దీవిలో కొన్ని గట్లు కనీసం 3,500 ఏళ్ల నాటివని తరవాత 2019లో తేలింది.

అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం మరింత వెనక్కి వెళ్లింది. క్వాడ్రా దీవి ఉత్తర భాగంలో ఒడ్డు పొరల్లోనూ, పాత నివాసాల చిప్పల దిబ్బల్లోనూ, ఇప్పటి తీరంలోనూ దొరికిన బటర్ క్లామ్‌ల గీతలు చదివి 11,500 ఏళ్ల పెరుగుదల చరిత్ర రాసింది. హిమయుగం ముగిసిన కొత్తలో నీళ్లు చల్లగా ఉండి, నేల అనువుగా లేక గుల్లలు నెమ్మదిగా పెరిగాయి. వాతావరణం వెచ్చబడి ఒడ్డు కుదుటపడ్డాక ఎదిగాయి. అటుపైన మనుషులు పెరిగారు, తినడం పెరిగింది. మామూలు లెక్కలో అప్పటినుంచి గుల్లలు తరిగిపోవాలి. తరగలేదు. గట్లు వచ్చాక అంత తింటున్నా గుల్లల సమృద్ధి నిలబడింది. ఇటీవలి శతాబ్దాల్లో మాత్రం వాటి పెరుగుదల హిమయుగం ముగిసిన నాటి స్థాయికి దిగజారింది. మనిషి చెయ్యి పడని కాలంలో ఎలా ఉన్నాయో, మనిషి చెయ్యి తీసేసిన కాలంలోనూ అలాగే తయారయ్యాయి.

ఆ చెయ్యి తనంతట తాను వెనక్కి పోలేదు. వలస పాలన వచ్చాక ఆదివాసుల్ని కొద్దిపాటి భూముల్లోకి నెట్టారు, పిల్లల్ని బడుల పేరుతో ఇళ్ల నుంచి తీసుకుపోయారు. ఊరంతా కూడి విందు చేసుకునే పాట్లాచ్ వేడుకను 1885 నుంచి 1951 వరకు చట్టం నిషేధించింది. కొండల మీద అడవులు నరికే పరిశ్రమ వచ్చాక వాన నీటితో సన్నటి మట్టి దిగి ఒడ్లను కప్పింది. గట్ల వెనక ఇసుకను తిరగేసే వాళ్లు లేక అది గట్టిపడింది. గుల్లల గీతల్లో ఇదంతా ఇరుకైన జాగాగా మిగిలింది. పర్యావరణం అనే మాట వినగానే మనకు వానా ఎండా గాలీ గుర్తొస్తాయి. ఆ తీరంలో వేల ఏళ్ల పాటు మనుషుల శ్రద్ధ కూడా పర్యావరణంలో భాగమే.

ఇప్పుడు కొత్త పరీక్షలు ముంచుకొచ్చాయి. 2021 జూన్ ఆఖరి రోజుల్లో ఆ ప్రాంతం ఎన్నడూ ఎరగనంత వేడెక్కింది. బ్రిటిష్ కొలంబియాలోని లిట్టన్ గ్రామంలో 49.6 డిగ్రీలు నమోదైంది, కెనడా చరిత్రలోనే అది అత్యధికం. సరిగ్గా ఆ రోజుల్లోనే లోతైన పాటు పట్టపగలు పడింది. మిట్టమధ్యాహ్నపు ఎండకు ఒడ్డంతా గంటల తరబడి తేలి ఉంది. ఆ తీరాల్లో వంద కోట్లకు పైగా జీవులు చనిపోయి ఉంటాయని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త క్రిస్టఫర్ హార్లీ అంచనా వేశారు. ఇసుక పైపొరలో ఉండే గుల్లలు ఉడికిపోయాయి, జానెడు లోతున దాగినవి చాలావరకు గట్టెక్కాయి. జీవన్మరణాల మధ్య తేడా అంత కొంచెం. సూర్యుణ్ని ఆపలేం. గుల్ల లోతుగా దిగడానికి వీలైన మెత్తటి నేలను, పాటులోనూ తడి ఆరని మడిని మాత్రం సిద్ధం చేయవచ్చు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్వినోమిష్ తెగ వారు 2022లో తమ తీరాన మళ్లీ రాయి మీద రాయి పేర్చి కొత్త గట్టు కట్టడం వెనక ఈ ఆలోచన ఉంది.

మన తీరం సంగతి వేరు. మన గుల్లలు వేరు, మన ఆటుపోట్లు అంత ఎత్తున లేవవు, చలికాలం గీతలు పడవు. కానీ ప్రశ్న ఒకటే. కాకినాడ అఖాతం తీసుకోండి. తూర్పున హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ సముద్రపు తాకిడిని ఆపుతుంది, దక్షిణాన కోరంగి మడ అడవులు. కోరంగి, గాడేరు పాయల గుండా గోదావరి నీళ్లు అఖాతంలోకి వస్తాయి. ఎర్రటి రక్తం ఉండే గుల్లలకు ఆ మెత్తటి బురద పుట్టినిల్లు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దశాబ్దాలుగా వాటిని చదువుతోంది, పెంపకం ప్రయోగాలూ చేసింది. వరద నెలల్లో నీటి ఉప్పదనం పడిపోతుంది, ఆ తరవాత మళ్లీ పుంజుకుంటుంది. అక్కడి గుల్లల పెరుగుదల ఈ లయకు అలవాటుపడి ఉంది. పాటు వేళ బురదలోకి దిగి కాళ్లతో తడిమి, చేతులతో ఏరే కుటుంబాలకు ఏ నెలలో ఏ మూల గుల్ల బలంగా ఉంటుందో తెలుసు.

ఆ గుల్లల్ని తినడం మన దగ్గర తక్కువ. మనకు అవి తెలిసింది ఎక్కువగా సున్నంగానే. తాంబూలంలో పూసుకున్న గుల్లసున్నం, పాత మేడల గోడలకు మెరుపునిచ్చిన గుల్లసున్నం ఈ చిప్పలు కాలిస్తే వచ్చినదే. ఆ బట్టీల మీద బతికిన వారి శ్రమను చిన్నచూపు చూడనక్కరలేదు. ఒక్కటి మాత్రం గమనించాలి. క్వాడ్రాలో చిప్ప కొంతైనా మళ్లీ మడిలోకి వెళ్లింది, మన దగ్గర బట్టీలోకి వెళ్లింది. నేల నుంచి తీసుకున్నదాంట్లో నేలకు ఎంత వదిలామన్న లెక్క మనం వేసుకోలేదు. ఈలోగా ఎగువన ఆనకట్టలు పెరిగి గోదావరి మోసుకొచ్చే ఒండ్రు తగ్గింది. ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని కోసుకుపోతూ ఉండటం ఏళ్ల తరబడి చూస్తున్నాం. బురద తీరు మారితే దాంట్లో ఉండే గుల్లల తీరు మారకుండా ఉంటుందా?

వేటను అదుపు చేయడంలో మన దేశానికి ఒక మంచి ఉదాహరణ లేకపోలేదు. కేరళలో కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో గుల్లలు తరిగిపోతుంటే మత్స్యకారులు, శాస్త్రవేత్తలు, అధికారులు కలిసి కూర్చున్నారు. గుడ్లు పెట్టే నెలల్లో వేట ఆపారు, చిన్న గుల్ల జారిపోయేలా వల కన్ను పెంచారు. 2014లో ఆ గుల్లల వేటకు అంతర్జాతీయ ధ్రువీకరణ దక్కింది, దేశంలో మొదటిది అదే. ఎంత తీయాలో తెలిసినవాళ్లు బాగుపడతారని అష్టముడి చూపింది. క్వాడ్రా చూపింది దానికి తరవాతి మెట్టు. తీసేదాని మీదే కాక, తీసే చోటు మీద కూడా పని చేయాలి. వేట ఆపినంత మాత్రాన మట్టి పేరుకుపోయిన నేలలో గుల్ల ఎదగదు. అలాగని కెనడా గట్లను తెచ్చి కాకినాడ బురదలో కట్టమనడం తెలివైన పని కాదు. అక్కడి ఏటవాలు రాతి ఒడ్డుకు గట్టు మందు. ఇక్కడి బురదకు ఏది మందో ఇక్కడే వెతకాలి. మడ అడవిని నిలబెట్టడమా, పాయల్లో నీటి పారుదల ఆగకుండా చూడడమా, కొన్ని మూలలను కొన్నేళ్లు వదిలేయడమా, చిప్పల్లో కొంత భాగాన్ని తిరిగి బురదకు ఇవ్వడమా అన్నది పరీక్షించి తేల్చుకోవాల్సిన విషయం.

ఆ పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఇప్పటికే ఎన్ని టన్నుల గుల్లలు రేవుకు చేరాయో రాసుకునే పద్ధతి ఉంది. దాని పక్కనే ఇంకో గడి చేర్చవచ్చు. నెల నెలా నీటి ఉప్పదనం ఎంత, బురద మెత్తగా ఉందా గట్టిపడిందా, కొత్త పిల్లలు దిగాయా లేదా, గుల్ల అంచున కొత్త పెరుగుదల ఎంత అన్నవి అందులో రాయాలి. రాయించాల్సింది రోజూ ఆ బురదలో కాలు పెట్టేవారి చేత, దానికి కూలీ ఇచ్చి మరీ. నాలుగైదేళ్లు అలా రాస్తే కాకినాడ నేల ఏం కోరుతోందో మన దగ్గర కాగితం మీద ఉంటుంది. క్వాడ్రా ప్రజలకు ఆ ఎరుక తరాల అనుభవంతో వచ్చింది, అది చాలావరకు వారి చేతుల్లోంచి పోవడానికి వందేళ్లు చాలాయి. మన దగ్గర ఆ ఎరుక ఉన్నవాళ్లు ఇంకా పాటు వేళ పనికి వెళ్తున్నారు. వాళ్లు ఆ పని మానుకునే లోపే అడిగి రాసుకోవడం మేలు.